వంశధార గట్టు మీద స్టూడిబేకర్

శ్రీముఖలింగం,
కార్తీక పౌర్ణమి మర్నాడు.

బావా,

మీరు కులాసాగా ఉన్నారని అక్క ఫోన్లో చెప్పింది, మేమూ కులాసాయే. కాబట్టి ఆ రెండు ముక్కలూ మిగుల్చుకుని అసలు సంగతి ఒక్కసారే అరిచి చెప్తాను. మా మావయ్యగారి కారు బయటపడింది!

ఇంత సంతోషాన్ని ఫోన్లో చెప్పకుండా ఉత్తరమేమిటి అంటావు. పోయినసారి నీతో ఫోన్లో మాట్లాడితే, మనిద్దరం కొట్టుకుంటున్నామనుకుని పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. లారీ ఇంజన్ల పక్కన బతికి చెవులు పోగొట్టుకున్నవాడివి, నీకు వినపడేలా చెప్పాలంటే నా గొంతు చాలదు. మా మిల్లులో బియ్యం ఎత్తుకోవడానికి వచ్చే మీ సాలూరు లారీ డ్రైవర్ సోములు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

పాత షెడ్డు ఖాళీ చేస్తున్నాం. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ మూల గోనెసంచుల కింద ఒక కారు ఉందని తెలుసు కానీ, మావయ్యగారు ఉన్నన్నాళ్ళూ దాని జోలికి ఎవరినీ పోనివ్వలేదు. నిన్న సంచులు లాగేసరికి, బావా, ఏం కారు అది! ముందు భాగం అచ్చం విమానం ముక్కు. నడిమధ్యన గుండ్రంగా మొనదేలి ఉంది. వెనక తలుపులు మన కార్లలా కాదు, పాతకాలం బీరువా తలుపుల్లా ముందు తలుపులకి ఎదురుగా తెరుచుకుంటాయి. గేరు స్టీరింగ్ కిందే ఉంది.

మా ట్రాక్టర్ మెకానిక్ ఎల్లాజీ బోనెట్ ఎత్తి, "ఏటమ్మా ఇది? ఇంజనా, ఇనప్పెట్టా?" అన్నాడు. పైన చదునుగా ఉంది. ఆరు ప్లగ్గులు వరసగా నిలబడి ఉన్నాయి. ట్రాక్టర్ బ్యాటరీ తెచ్చి తగిలిస్తే నిప్పురవ్వలు లేచాయి. హడలిపోయి తీసేశాం. స్టార్టర్ బటన్ కోసం డ్యాష్‌బోర్డంతా వెతికాం, లేదు.

ఫొటోలు అక్క ఫోనుకి పంపాను. ఇదేం కారో, ఎలా నడిపించాలో రాయి. నడవదు అని మాత్రం రాయకు.

మరదలు
తాయారు

*

సాలూరు,
బుధవారం.

మరదలా!

ముందు ఆ బ్యాటరీ ముట్టుకోకు! తర్వాత మిగతాది చదువు.

అది స్టూడిబేకర్. అమెరికా బండి. ఫొటో చూడగానే నేను వేసిన కేకకి మీ అక్క చేతిలో పాల గిన్నె జారిపోయింది. 1950లో వచ్చిన వాళ్ళ బళ్ళు ఒకే ఇంట్లో పుట్టిన ముగ్గురు అన్నదమ్ములనుకో. చిన్నవాడు ఛాంపియన్, వాడి అన్న కమాండర్, అందరికన్నా పొడుగువాడు ల్యాండ్ క్రూయిజర్. ముక్కు ముగ్గురిదీ ఒక్కటే. మీది చిన్నవాడు, 1950 ఛాంపియన్. ఎనభై అయిదు గుర్రాల ఇంజను. చిన్నవాడే కానీ తక్కువ తాగుతాడు, ఎక్కువ నడుస్తాడు.

ఇక నిప్పురవ్వల సంగతి. మీ ట్రాక్టర్‌ది పన్నెండు వోల్టుల బ్యాటరీ, దీనికి ఆరు చాలు. అంతకన్నా పెద్ద తేడా ఇంకొకటుంది. మనం నెగటివ్ తీగని బాడీకి కడతాం, ఈ అమెరికావాడు పాజిటివ్‌ని కట్టాడు. అంతా తలకిందులు. ఆరు వోల్టుల బ్యాటరీ సోములు చేత పంపుతున్నాను. ఎర్ర తీగ బాడీకి. మళ్ళీ రాస్తున్నాను, ఎర్ర తీగ బాడీకి.

పైన చదునుగా ఉందని బెంగపడకు. సైడ్ వాల్వ్ ఇంజను. మన ఇంజన్లకి వాల్వులు నెత్తిన ఉంటే దీనికి పక్కటెముకల్లో ఉంటాయి. ప్లగ్గులు విప్పి, ఒక్కో రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి, నాలుగు రోజులు నాననివ్వు. తర్వాత ముందు నుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పు. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చెయ్యొద్దని ఎల్లాజీకి చెప్పు. ట్రాక్టర్ వాళ్ళ చెయ్యి బరువు.

స్టార్టర్ బటన్ కోసం వెతికారా? నవ్వీ నవ్వీ నాకు పొట్ట నొప్పి వచ్చింది. అది క్లచ్ కింద ఉంటుంది! క్లచ్ పెడల్‌ని నేల దాకా తొక్కితే స్టార్టర్ తిరుగుతుంది. గేరులో ఉండగా పొరపాటున స్టార్ట్ చేసి గోడలోకి దూసుకుపోకుండా ఆ ఏర్పాటు. ఎంత తెలివి చూశావా!

నేనే వద్దును కానీ గ్యారేజీలో ఊపిరి సలపని పని. కాలు బయటపెట్టే వీలు లేదు.

బావ
గిరిబాబు

*

శ్రీముఖలింగం,
మార్గశిరం, గురువారం.

బావా,

ఇంజను పలికింది!!

ఎర్ర తీగ బాడీకే కట్టాం. నేనే ఎక్కి కూర్చున్నాను. క్లచ్ నేల దాకా తొక్కాను. ముందు మూలిగింది, తర్వాత తుమ్మింది, ఆ తర్వాత షెడ్డంతా పొగ. ఆ పొగలోంచి గుర్రుగుర్రుమని మెత్తటి శబ్దం. ఎల్లాజీ ఎగిరి గంతేసి, "అమ్మా, బతికీసింది!" అన్నాడు. నేను స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. ఎందుకు ఏడ్చానో ఇప్పుడు రాస్తాను. ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు.

ఆస్తి పంపకాల్లో షెడ్డూ, అందులో కారూ మా మరిది నరసింగరావు వాటాకి వెళ్ళాయి. అతను దాన్ని విశాఖలో ఒక హోటల్‌కి ఇచ్చేస్తున్నాడు. వాళ్ళు దాన్ని నడుపుకోడానికి కాదు బావా, రెండు ముక్కలుగా కోయడానికి తీసుకుంటున్నారు! ముందు ముక్క గోడకి తగిలిస్తారట, వెనక ముక్కలో సోఫా వేసి జనాన్ని కూర్చోబెట్టి బిర్యానీ పెడతారట. శివరాత్రికి ముందు బండి పంపి ఎత్తుకుపోతారు. నరసింగరావుకి డబ్బు మీద ఆశ లేదు. ఆ కారు కళ్ళ ముందు ఉండకూడదు, అంతే.

మా మావయ్య జగన్నాధంగారు ఆ కారుని వంశధార గట్టు ఎక్కించేవారు. ఏటవాలు సగంలో ఆపి, బ్రేకు మీంచి కాలు తీసేసి, రెండు చేతులూ పైకెత్తి జనానికి చూపించేవారట. కారు ఇసుమంత కూడా వెనక్కి జారేది కాదు. ముఖలింగేశ్వరుడే వెనక నుంచి పట్టుకుంటున్నాడని ఊరంతా చక్రాల ముందు కొబ్బరికాయలు కొట్టేది. ఒక ఏడు, ఎక్కడో పట్నంలో క్లచ్ బాగుచేయించుకుని వచ్చి, శివరాత్రి తీర్థంలో, నిండు జనంలో అలాగే చేతులెత్తారు. కారు వెనక్కి జారిపోయి కింద అరటితోటలో పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ "జగన్నాధాన్ని దేవుడు ఒగ్గీసినాడు" అని ఊరు ఒకే మాట అంది. అప్పుడు వెనక సీట్లో ఉన్న చిన్న పిల్లాడు నరసింగరావు.

మావయ్యగారు మళ్ళీ ఆ స్టీరింగ్ పట్టలేదు. ఆ గట్టూ ఎక్కలేదు. నాకు ట్రాక్టర్ నేర్పింది ఆయనే. "కోడలుపిల్ల తోల్తే ఏటి తప్పు?" అని అందరి నోళ్ళూ మూయించి, పక్కన కూర్చుని నేర్పారు. గట్టు దగ్గరికి రాగానే మాత్రం "నువ్వెల్లిరా అమ్మా" అని దిగిపోయేవారు. దేవుడు తనని వదిలేశాడనే నమ్మకంతోనే పోయారు బావా.

బ్రేకు పైపులు చూద్దామని కారు కిందికి దూరాను. ఛాసిస్ పక్కన ఒక చిన్న ఇనుప డొల్ల ఉంది. బ్రేకు పైపు ఒక వైపు నుంచి దాన్లోకి వెళ్ళి ఇంకో వైపు నుంచి బయటికి వస్తోంది. దానికి ఒక చిన్న చెయ్యి ఉంది. ఆ చేతిని ఎవరో తీగతో బిగించి కట్టేశారు. ఏమిటది?

తాయారు

*

సాలూరు,
ఆదివారం.

తాయారూ,

ఇంజను పలికిందని చదివి నేను ఎగరబోయాను. సరే, ఎగరలేదు, ఆ సంగతి వదిలెయ్.

కోయడమా? స్టూడిబేకర్‌నా? ఆ హోటల్ వాళ్ళకి వంకాయ దొరకలేదా కోసుకోడానికి!

కానీ నీకు నిజం చెప్పాలి. మీ మావయ్యగారు దేవుడంతటి మనిషి, కాదనను. గట్టు మీద కారు దానంతట అది నిలబడటం మాత్రం కోతలే. మా సాలూరు వాళ్ళకి ఎత్తు అంటే ఏమిటో నువ్వు చెప్పనక్కర్లేదు. సుంకి ఘాట్ కొండదారిలో లారీ ఆగిందంటే, టైరు వెనక రాయి పెట్టడానికి క్లీనర్ డ్రైవర్ కన్నా ముందు దూకుతాడు. రాయి లేకుండా ఎత్తులో నిలబడే బండిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. బ్రేకు అరిగి కాస్త పట్టేసి ఉంటుంది, దాన్నే మహిమ అనుకుని ఉంటారు.

ఆ డొల్ల పైపుల జాయింటు, అంతే. లీకయ్యే పనికిమాలిన సామాను. పీకేసి ఒకే పైపు నేరుగా వెయ్యి. కొత్త పైపూ, రబ్బర్లూ పంపుతున్నాను. బండి నడుస్తుందని మీ మరిదికి చూపించు, మనసు మారుతుంది. గట్టు జోలికి పోకు.

గిరిబాబు

*

శ్రీముఖలింగం,
సంక్రాంతి వెళ్ళిన వారం.

బావగారికి,

గారు అని ఎందుకు రాశానో నీకు తెలుసు. కోపం వచ్చింది కాబట్టి.

మా మావయ్యవి కోతలా? ఆయన ఒక్క అబద్ధం ఆడగా ఈ చుట్టుపక్కల విన్నవాళ్ళు లేరు. నువ్వు చూడలేదు కాబట్టి లోకంలో లేదా? సాలూరులో లేకపోతే అమెరికాలో ఉండకూడదా?

కారు మిల్లు చుట్టూ తిప్పి నరసింగరావుకి చూపించాను. అతను తల కూడా ఎత్తలేదు. బతిమాలాను. చివరికి అన్నాడు: "వొదినా, మా నాన్న ఆపినట్టు ఆ గట్టు మీద ఆగితే కారు నీకే. ఆగదు. నాను సూసినాను. ఎనక సీట్లో ఉన్నాను." ఆ మాట అంటున్నప్పుడు అరవై దాటిన మనిషి ముఖం చిన్నపిల్లాడి ముఖం అయిపోయింది.

ఇప్పుడు నీ పనికిమాలిన సామాను సంగతి. విప్పాను. పారేద్దామని చేత్తో ఊపితే లోపల ఏదో దొర్లింది. గోళీ! ఇటు వంచితే ఇటు, అటు వంచితే అటు. పైపుల జాయింటులో గోళీ ఎందుకుంటుంది? మళ్ళీ కారు కిందికి దూరి చూశాను. క్లచ్ పెడల్ కింది భాగానికి ఒక రంధ్రం ఉంది, ఖాళీగా. దాని అంచులు అరిగి నున్నగా మెరుస్తున్నాయి. అక్కడ ఒకప్పుడు ఏదో తగిలించి ఉండేది, ఎన్నో ఏళ్ళు ఆడింది. ఇప్పుడది లేదు.

నీ కొత్త పైపు వెయ్యను. ఈ డొల్లని నీకే పంపుతున్నాను. పారేయాలంటే నీ చేత్తో పారెయ్. దాని కన్నా ముందు ఒక్కసారి ఊపి చూడు.

ఇంకో మాట. పని, పని అంటావు. నువ్వు గ్యారేజీలో కనిపించి చాలా రోజులైందని సోములు అంటున్నాడు. ఏమిటి కథ?

తాయారు

*

సాలూరు,
ఈ ఉత్తరం రాస్తున్నది ఒక వెధవ.

తాయారూ, నా తల్లీ,

ఊపాను! దొర్లింది!

కుదురుగా రాయడానికి ప్రయత్నిస్తాను. ఆ డొల్లకి చక్రాల వైపు రంధ్రంలో చిన్న గరాటు పెట్టి నీళ్ళు పోశాను. సమంగా పట్టుకుంటే పారాయి. కారు ఎత్తు ఎక్కుతున్నట్టు ముందు వైపు పైకెత్తాను. అప్పుడూ పారాయి. చూశావా, ఉత్త జాయింటే అనుకున్నాను. అప్పుడు తీగ విప్పి, ఆ చిన్న చేతిని అటు తిప్పి, మళ్ళీ ముందు వైపు పైకెత్తాను. లోపల గోళీ టక్కుమని దొర్లి కూర్చుంది. నీళ్ళు ఆగిపోయాయి! ఒక్క చుక్క దిగలేదు. చేతిని మళ్ళీ ఇటు తిప్పితే బొళబొళమని మొత్తం కారిపోయింది.

అర్థమైందా? ఆ చెయ్యి క్లచ్‌కి కట్టి ఉండాలి. నీకు కనిపించిన రంధ్రం అందుకే. ఎత్తులో బ్రేకు తొక్కి ఆపుతావు. క్లచ్ తొక్కే ఉంచుతావు కదా, చెయ్యి తిరిగి గోళీని వదులుతుంది. కారు ముక్కు పైకి ఉంది కాబట్టి గోళీ వెనక్కి దొర్లి బ్రేకు ఆయిల్ దారి మూసేస్తుంది. ఇక బ్రేకు మీంచి కాలు తీసినా ఆయిల్ వెనక్కి రాలేదు, చక్రాలు పట్టే ఉంటాయి. ముందుకి కదలడానికి క్లచ్ వదిలితే గోళీ పక్కకి తప్పుకుంటుంది, బ్రేకు వదులుతుంది. మన క్లీనర్ రాయి పెట్టే పని ఆ స్టూడిబేకర్ వాడు గోళీ చేత చేయించాడు!

మీ మావయ్యవి కోతలు కావు. చెంపలేసుకుంటున్నాను. క్లచ్ బాగుచేసిన మేస్త్రీ ఎవరో ఇదేమిటో తెలియక, రాడ్ మళ్ళీ బిగించకుండా, చెయ్యి ఊగకుండా తీగతో కట్టేశాడు. నేను ఏం చెయ్యమన్నానో ఆ రోజు అతనూ అదే చేశాడు.

డొల్లలో తడి లేకుండా తుడిచి, కొత్త రబ్బరు వేసి పంపుతున్నాను. లేత్ మీద రాడ్ కూడా చేయించాను. బిగించడానికి రెండు చివరలా మర ఉంది. క్లచ్ సగం తొక్కేసరికి చెయ్యి పూర్తిగా తిరిగేలా ఎల్లాజీ చేత సరిచేయించు. బ్రేకు పైపుల్లో గాలి లేకుండా తీయించు. ముందు చిన్న ఎత్తు మీద చూసుకో.

గిరిబాబు

చెల్లీ, ఇది మీ అక్క పద్మకుమారి చేతిరాత. ఆ నీళ్ళన్నీ పోసింది నా పరుపు మీద. గ్యారేజీలో పనీ లేదు, పాడూ లేదు. దీపావళి వెళ్ళాక లారీ బంపర్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. అప్పటి నుంచీ మంచం మీదే ఉన్నారు. మరదలు నవ్వుతుందని నీకు చెప్పనివ్వలేదు.

*

శ్రీముఖలింగం,
శివరాత్రికి ముందు శనివారం.

బావా,

నిలబడింది! నిలబడింది! నిలబడింది!

నీ కాలు సంగతి చదివి నవ్వలేదు, ఒట్టు. కొంచెం నవ్వాను.

ఈ ఉదయం హోటల్ వాళ్ళ బండి వచ్చేసింది, గొలుసులతో సహా. నరసింగరావు "ఎత్తుకెల్లిపోండి" అని ఇంట్లోకి వెళ్ళిపోబోయాడు. నేను కారు స్టార్ట్ చేసి అతని ముందుకి తెచ్చి ఆపాను. "ఒక్కసారి గట్టు దాకా రా. తర్వాత కోసుకోనీ" అన్నాను. నా ముఖంలో ఏం కనిపించిందో, వచ్చి ఎక్కాడు. ముందు కాదు, వెనక సీట్లో. అప్పుడు కూర్చున్న చోటే.

గట్టు దగ్గరికి వెళ్ళేసరికి ఊరు ఊరంతా వెంట ఉంది. తీర్థానికి దుకాణాలు వేసుకుంటున్నవాళ్ళు కూడా వచ్చేశారు. మొదటి గేరులో ఎక్కించాను. సగంలో బ్రేకు తొక్కి ఆపాను. ఎడమ కాలు క్లచ్ మీదే ఉంచి, కుడి కాలు బ్రేకు మీంచి తీశాను.

కదల్లేదు బావా.

వెనక నుంచి, "వొదినా, కాలు తీసినావేటి?" అని చిన్న గొంతు. "చూడు" అని కుడి కాలు ఎత్తి సీటు మీద పెట్టాను. అతను ముందు సీటు మీంచి వంగి ఖాళీ బ్రేకు పెడల్‌ని చూశాడు. అప్పుడు నీ గోళీ కథంతా చెప్పాను, రాడ్‌తో సహా, తీగతో సహా.

"మా నాన్నని దేవుడు ఒగ్గీలేదు" అన్నాడు. "మేస్త్రీ ఓ పుల్ల ఒగ్గీసినాడు. అంతేనా వొదినా? అంతేనా?"

అంతే అన్నాను. ఇద్దరం ఏడ్చాం.

కిందికి దింపి స్టీరింగ్ అతనికి ఇచ్చాను. పక్కన కూర్చుని, మావయ్యగారు నాకు నేర్పినట్టే నేర్పాను. రెండుసార్లు ఆగిపోయింది, మూడోసారి ఎక్కించాడు. సగంలో ఆపాడు. బ్రేకు మీంచి కాలు తీశాడు. రెండు చేతులూ పైకెత్తాడు. కింద జనంలోంచి ముసలి కూర్మమ్మ, "జగన్నాధంబాబు వచ్చీసినాడర్రా!" అని ఒక్క కేక వేసింది. ఆ రోజు దేవుడు ఒగ్గీసినాడన్న నోళ్ళలో ఆవిడదీ ఒకటి. ఎల్లాజీ ఆవిడకి గోళీ సంగతి చెప్పబోతే, "గోళీ అయితే ఏటిరా? దాన్ని ఎనక్కి దొర్లించినోడెవుడు?" అని కసిరి, కొబ్బరికాయ తెచ్చి చక్రం ముందు కొట్టింది. దానికి నీ దగ్గర జవాబు ఉంటే రాయి.

హోటల్ వాళ్ళు గొలుసులు చుట్టుకుని ఖాళీ బండితో వెళ్ళిపోయారు. నీ కట్టు విప్పే రోజు ఎప్పుడో రాయి. నిన్ను ఈ కారులోనే ఎక్కించుకుని సుంకి ఘాట్‌కి తీసుకెళ్తాడట నరసింగరావు.

గట్టు దగ్గర జనం వెళ్ళిపోయాక "ఇంక దిగుదాం, ఎండెక్కుతోంది" అన్నాను. అతను కదల్లేదు. క్లచ్ మీద ఉన్న ఎడమ కాలు వణుకుతోంది, బలం చాలక చేత్తో మోకాలిని నొక్కి పట్టుకున్నాడు. పోనీ కాలు తియ్యమన్నాను.

"తీస్తే కదిలిపోతాది వొదినా" అన్నాడు. "మా నాన్న నిలబడినాడు. ఇంకాసేపుండనీ."

మరదలు
తాయారు